వదిన చెప్పని మాట

ఉద్యోగం పోయిన మనిషి తొమ్మిదయ్యేసరికి తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, హాల్లోంచి పక్క గదిలోకి నడుస్తూ "ఆఫీసుకి వెళ్తున్నా అత్తయ్యా" అంటే వినేవాళ్ళు ఏమనుకోవాలి? పెద్దావిడకి మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత జాలేసింది. ఈ మధ్య మాత్రం అనుమానం వేస్తోంది.

అనుమానం ఆవిడకి కొత్తేం కాదు. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపారో అంటుంది, పల్చగా ఉంటే ఎన్ని నీళ్ళు పోశారో అంటుంది. లిఫ్టు ఆగిపోతే పై అంతస్తు వాళ్ళ పనే అంటుంది. అలాంటి మనిషికి, మూసిన తలుపు వెనకాల గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడే కోడలు దొరికితే ఊరుకుంటుందా? ఆ రోజు పొద్దున్నే భోజనాల బల్ల దగ్గరి కుర్చీని ఆ తలుపు పక్కకి లాక్కుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలవడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే అక్కడ గాలి బాగా వస్తుందని చెబుతుంది. ఆ మూలకి కిటికీయే లేదు.

కోడలు ఆషామాషీ ఉద్యోగం చేసిన మనిషి కాదు. పెద్ద కంపెనీలో మనుషుల్ని ఎంచి ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగం మొత్తం ఆమె చేతి కిందే ఉండేది. కంపెనీ ఇక్కడి ఆఫీసు ఎత్తేశాక, "ఇక ఒకరి కింద చేయను, రాసుకుని బతుకుతా" అంది. అప్పటినుంచి రాసేదంతా ఉద్యోగాల గురించే. జీతం సంగతి ఎప్పుడు ఎత్తాలి, ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఏం అడక్కూడదు, మధ్యలో కొన్నేళ్ళు ఖాళీగా ఉన్న మనిషిని ఎందుకు వదులుకోకూడదు, ఇలాంటివన్నీ. వెబ్‌సైట్లూ పత్రికలూ వ్యాసానికింత అని ఇస్తాయి. అదీ నాలుగుసార్లు గుర్తు చేస్తే గానీ రాదు.

"దానికి ఆఫీసు పోయిందే గానీ, ఆఫీసు దాన్ని వదల్లేదురా," అని పెద్దావిడ కొడుకుతో అంటూ ఉంటుంది. అందులో అబద్ధం లేదు. మొన్నామధ్య కుళాయి బాగుచేయడానికి వచ్చినతన్ని కోడలు, "ఇంతకుముందు చేసిన చోటు ఎందుకు వదిలేశారు?" అని అడిగింది. అతను కాసేపు ఆలోచించి, "అక్కడ కుళాయి బాగైపోయిందండీ," అన్నాడు.

లోపల ఫోన్ మోగింది. పెద్దావిడ ఒలవడం ఆపి చెవి రిక్కించింది.

"అవునండీ, మా దగ్గరే చేసింది. తేదీలు సరిపోయాయి... ఆఁ?" కోడలి గొంతు అక్కణ్ణించి తగ్గిపోయింది. "ఆ అమ్మాయి గురించి నేనేమీ చెప్పలేనండి. లేదండీ, దయచేసి అడగకండి. ఉంటాను."

ఎవరీ అమ్మాయి? ఏమిటి చెప్పలేనిది? పెద్దావిడకి ఒళ్ళంతా చెవులైపోయాయి గానీ, లోపల మళ్ళీ టకటకమని టైపు చేస్తున్న చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

అప్పుడే కూతురు స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని గువ్వ అంటారు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇప్పుడు గుప్పెట్లో పట్టే మనిషీ కాదు, నోరూ కాదు. వదిన పనిచేసిన కంపెనీలోనే ఆరేళ్ళు చేసింది, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పే ఉద్యోగం. ఆఫీసు మూతపడ్డ రోజున వదినా మరదళ్ళిద్దరూ ఒకే టాక్సీలో, ఒళ్ళో ఒక్కో అట్టపెట్టె పెట్టుకుని ఇంటికొచ్చారు. వదినకి రాసుకునే పని దొరికింది. గువ్వకి మాత్రం ఏదీ దొరకలేదు. దొరక్కపోవడమంటే అలా ఇలా కాదు. ప్రతిచోటా మొదటి రౌండు దాటుతుంది, రెండోది దాటుతుంది, చివరిదీ బాగా జరుగుతుంది. ఆ తర్వాత అవతలివాళ్ళు మాయమైపోతారు.

"ఈసారి ఖాయమే అమ్మా," అంది గువ్వ, తువ్వాలు కుర్చీ మీద పడేస్తూ. "పెద్దాయన స్వయంగా లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడు. ఎప్పుడు చేరతారు అని కూడా అడిగాడు. పాత కంపెనీకి ఒక ఫోన్ చేసి కనుక్కుంటారట, అంతే."

పెద్దావిడ చేతిలోంచి ఒక బఠాణీ జారి కింద దొర్లింది. ఆవిడ దాన్ని చూడలేదు. మూసిన తలుపు వైపు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు, మీకు మంచి భవిష్యత్తు కలగాలని కోరుకుంటున్నాం, అని. గువ్వ దాన్ని చదివి, ఫోన్ బోర్లించి, నీళ్ళగ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వదిన గదిలోంచి వచ్చి, ఆ మొహం చూసి ఆగింది.

"రాలేదా?"

"రాలేదు. నీకెవరైనా ఫోన్ చేశారా వదినా? నా అనుభవ పత్రం మీద నీ సంతకమే కదా ఉంది."

"చేశారు. అడిగినవాటికి జవాబిచ్చాను," అని వదిన ఫ్రిజ్ తలుపు తీసి, అందులో ఏదో వెతుకుతున్నట్టు నిలబడి, ఏమీ తీసుకోకుండానే మూసేసి వెళ్ళిపోయింది.

ఆ ఫ్రిజ్ సంగతి తల్లీ కూతుళ్ళిద్దరి కళ్ళా పడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉందనుకుంది పెద్దావిడ. పైకి మాత్రం అనలేదు. అనడానికి ముందు ఇంకొంచెం సరుకు కావాలి ఆవిడకి.

సరుకు సాయంత్రానికే వచ్చింది. గువ్వకి చిన్నప్పటి స్నేహితురాలు ఒకత్తి ఉంది, అందరూ పొడుగు అని పిలుస్తారు. అదీ వేరే కంపెనీలో ఉద్యోగాలిచ్చే విభాగంలోనే పనిచేస్తుంది. ఆఫీసు అవగానే నేరుగా ఇంటికొచ్చి, గువ్వని వంటింట్లోకి లాక్కెళ్ళింది. వదిన బయటికి వెళ్ళిన సమయం చూసుకునే వచ్చింది.

"నీకు మెయిలు పంపిన కంపెనీలో నాకు తెలిసినావిడ ఉందే. కూపీ లాగాను. అన్ని రౌండ్లలోనూ నువ్వే ముందున్నావట. పాత కంపెనీకి ఫోన్ చేశాక పక్కన పెట్టేశారట."

"పాత కంపెనీ అంటే..."

"ఇంకెవరు? మీ మేనేజరు ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. అందరూ మీ వదినకే చేస్తారు."

గువ్వ స్టవ్ గట్టుకి చేరబడిపోయింది. పెద్దావిడకి నిన్న పొద్దున విన్న మాటలు ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. మామూలుగానే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ అమ్మాయి గురించి నేనేమీ చెప్పలేనండి అన్నదీ, దయచేసి అడగకండి అన్నదీ, అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పింది.

"కంచే చేను మేసిందే తల్లీ," అంది చివర్న.

గువ్వ ఏడవలేదు. ఫోన్ తీసి వదిన రాసిన ఈ నెల వ్యాసం తెరిచింది. చివరి మెట్టు మీద జారిపోయేవాళ్ళ గురించి. అందులో ఒక అమ్మాయి ఉంది, ఇంటర్వ్యూ గదిలో నీళ్ళగ్లాసుని రెండు చేతులతో పట్టుకుని కూర్చునే అమ్మాయి.

"ఇది నేను కాదా అమ్మా? చెప్పు! నన్ను ఎక్కడా నిలవనివ్వకుండా చేస్తోంది, ఎలా నిలవలేకపోయానో రాసుకుని డబ్బులు తెచ్చుకుంటోంది. నా బతుకు దానికి ముడిసరుకా?"

రాత్రి భోజనాల దగ్గర పెద్దావిడ కొడుకుని కదిపి చూసింది. వాడు పళ్ళెంలోంచి తలెత్తకుండా, "నన్ను కలపకు తల్లీ. అటు చెల్లెలు, ఇటు పెళ్ళాం. ఇప్పటికే అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నా," అన్నాడు. వాడికి ఏదో తెలుసు. తెలియకపోతే ఏమైంది అని అడిగేవాడు కదా అని పెద్దావిడ లెక్క. కోడలు మాత్రం అందరికీ వడ్డించి, తను సరిగ్గా తినకుండానే లేచిపోయింది. అది కూడా ఆవిడ లెక్కలో వేసుకుంది.

పథకం వేసింది పొడుగు. మర్నాడు పొద్దున కోడలు తన గదిలోకి, అదే తన ఆఫీసులోకి, వెళ్ళి తలుపు వేసుకున్నాక పొడుగు ఫోన్ చేస్తుంది. ఏదో కంపెనీ నుంచి మాట్లాడుతున్నట్టు గువ్వ గురించి అడుగుతుంది. అదే లైన్లోకి గువ్వ ఫోన్ కూడా కలుపుతుంది. వంటింట్లో కూర్చుని తల్లీ కూతుళ్ళు వినడమే.

"తప్పేమో," అంది గువ్వ, ఫోన్ని బియ్యం డబ్బా మీద పెడుతూ.

"నిజం తెలుసుకోవడం తప్పెలా అవుతుంది? నువ్వు మాట్లాడకు. ఊపిరి కూడా గట్టిగా తీయకు," అంది పెద్దావిడ. ఆవిడ కళ్ళజోడు కూడా పెట్టుకుంది. ఫోన్లో వినడానికి కళ్ళజోడెందుకో ఆవిడనే అడగాలి.

పొడుగు గొంతు మార్చి బాగానే మాట్లాడింది. మేం ఫలానా అండీ, మీ దగ్గర చేసిన ఫలానా అమ్మాయి మా దగ్గర చివరి దశలో ఉంది, రెండు మాటలు కనుక్కుందామని.

"తేదీలూ, హోదా పత్రంలో ఉన్నవి సరైనవేనండి," అంది వదిన గొంతు. ఫోన్లోంచీ వినిపించింది, గోడ అవతలినుంచీ సన్నగా వినిపించింది.

"పని ఎలా చేసేదండీ?"

"దాని గురించి నేనేమీ చెప్పలేనండి."

"అంటే... ఏమైనా ఇబ్బందా?"

"నేనేమీ చెప్పలేనన్నాను కదండీ. వేరెవరినైనా అడిగితే బాగుంటుంది."

అక్కడితో ఆపమని గువ్వ చెయ్యి ఊపింది. కానీ ఫోన్లో చెయ్యి ఊపితే ఎవరికి కనిపిస్తుంది? పొడుగు అసలు ప్రశ్న అడిగేసింది. ఉద్యోగాలిచ్చేవాళ్ళందరూ చివర్న అడిగేది అదేనట.

"పోనీ, ఒక్కటి చెప్పండి. మీకే అవకాశం వస్తే ఆమెని మళ్ళీ తీసుకుంటారా?"

వంటింట్లో కుళాయి చుక్క సింకులో పడే చప్పుడు పెద్దావిడకి స్పష్టంగా వినిపించింది.

"ఆ ప్రశ్నకి జవాబు చెప్పే స్థితిలో లేనండి. క్షమించండి."

గువ్వ తలుపు తట్టలేదు, తోసుకుని వెళ్ళింది. వెనకాలే పెద్దావిడ. ఆఫీసుకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్న కొడుకు, ఒక బూటు కాలికీ ఒకటి చేతిలోనూ ఉండగా అలాగే నిలబడిపోయాడు.

"నీ నోరు పడిపోయిందా వదినా? బాగా చేసేది అనే రెండు మాటలు రావా నీకు?"

వదిన చేతిలో ఫోన్ ఇంకా అలాగే ఉంది. ఒకసారి గువ్వనీ, ఒకసారి అత్తగారినీ చూసింది. "ఇప్పుడు చేసింది పొడుగా? గొంతు ఎక్కడో విన్నట్టుందనుకున్నాను."

"ఎవరైతేనేం? నువ్వన్నది నువ్వన్నావా లేదా?"

"నా మీద నిఘా పెట్టారా? ఈ ఇంట్లో?"

"పెట్టాం!" అంది పెద్దావిడ. "పెట్టబట్టే తెలిసింది. మొన్న ఒక ఫోన్ విన్నాను, ఇవాళ ఒకటి విన్నాను. నేను వినకుండా ఇంకెన్ని వచ్చాయో! నా కూతురు నీకేం ద్రోహం చేసిందమ్మాయ్? నీతో పాటు ఒకే గూట్లో ఉంటోందే, కడుపులో కత్తి పెట్టుకుని ఎలా వడ్డించావు దానికి?"

ఆ మాటకి కోడలి కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా గొంతు తగ్గలేదు. "సరే, అడిగారు కాబట్టి చెప్తాను. గువ్వా, ఆఫీసు మూసేసిన రోజు టాక్సీలో నాతో ఏమన్నావు?"

గువ్వకి వెంటనే తట్టలేదు.

"నీ ఆడపడుచునని ఎక్కడా, ఎవరితోనూ, ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకు వదినా అన్నావు. ఆరేళ్ళూ వదిన పెట్టించిన ఉద్యోగం అనిపించుకున్నది చాలన్నావు. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నావు. నిన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు నేను ఆ గదిలోనే లేను, అయినా అందరూ అన్నారు. నువ్వు బాత్రూంలోకెళ్ళి ఏడవడం నాకు తెలీదనుకుంటున్నావా?"

"అన్నాను. అయితే?"

"అయితే నేనేం చెయ్యను? బంధువని చెప్పనా, ఒట్టు ఉంది. బంధువని చెప్పకుండా నిన్ను ఆకాశానికెత్తనా, రేపు సంగతి బయటపడితే ఆ అబద్ధం నీ మెడకే చుట్టుకుంటుంది. వదినతో పొగిడించుకుని చేరిందంటారు. ఇంట్లోవాళ్ళ గురించి నేను నోరు విప్పకూడదు, అది ఎన్నేళ్ళుగానో నా నియమం. చెడ్డ చెప్పడానికి నీలో చెడ్డ లేదు. ఇక నాకు మిగిలింది నోరు మూసుకోవడమే కదా? మూసుకున్నాను. మూసుకుంటే మంచీ ఉండదు, చెడూ ఉండదు అనుకున్నాను."

"ఆ సంగతి నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టమంటావు. మళ్ళీ పాత మాటలు పడతావు. నీ అంతట నువ్వు గెలవాలని కదా అంత పట్టుబట్టావు!"

"ఆ గ్లాసు పట్టుకున్న అమ్మాయి సంగతో? అదీ నియమమేనా?"

"అది నువ్వు కాదే పిచ్చిదానా. నేను. నా మొదటి ఇంటర్వ్యూలో. ఒక్క చేత్తో పట్టుకుంటే వణుకుతున్నది కనపడుతుందని." వదిన కుర్చీ వీపు పట్టుకుంది. "నీకు ఆ అలవాటు ఉందని కూడా నేను గమనించలేదు."

కొడుకు చేతిలో బూటు కింద పెట్టి, "నాకు ఒట్టు సంగతి తెలుసు. ఫోన్ల సంగతి తెలీదు," అని సంజాయిషీలాంటిది ఇవ్వబోయాడు. ఎవరూ వినలేదు.

ఇక్కడితో సద్దుమణిగేదేమో. కానీ పెద్దావిడకి ఒకటి మింగుడు పడలేదు. ఆవిడ కోడలు రాసిన ప్రతి వ్యాసమూ చదువుతుంది. కోడలికి తెలియకుండా, పొద్దున్నే, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతుంది. మెచ్చుకోవడానికి కాదు, ఎక్కడ దొరుకుతుందా అని. అలా చదివినవి బుర్రలో అతుక్కుపోయాయి.

"ఆగమ్మాయ్," అంది. "మౌనంగా ఉంటే మంచీ చెడూ ఉండదంటున్నావు. మరి నువ్వే రాశావుగా! ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి చెబుతూ రాశావు. పాత అధికారి నేనేమీ చెప్పలేను అన్నాడంటే ఇంకో ప్రశ్న వేయక్కర్లేదు, ఆ దరఖాస్తు పక్కన పెట్టేయండి, మర్యాదస్తులు చెడుని అలాగే చెబుతారు, అని. నాకు బాగా గుర్తుంది. అది చదివి, ఎంత తెలివైనదో అనుకున్నాను కూడా."

కోడలి మొహంలో రంగు దిగిపోవడం పెద్దావిడ కళ్ళారా చూసింది. జీవితంలో మొదటిసారి, ఒక మనిషిని పట్టుకున్నందుకు ఆవిడకి సంతోషం కలగలేదు.

"రాశాను," అంది కోడలు మెల్లగా. కుర్చీలో కూలబడింది. "రాశాను అత్తయ్యా. అందరూ ఒకరికొకరు పంపించుకున్నారు దాన్ని. అది రాసిన తర్వాతే నాకు పేరొచ్చింది. బల్లకి అటువైపు కూర్చున్నప్పుడు నాకు తెలుసు, ఆ మాటకి అర్థమేంటో. ఇటువైపు కూర్చుని అదే మాట నేనంటుంటే... నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. నిన్ను కాపాడుతున్నాననుకున్నానే గువ్వా."

ఆమె చేతులతో మొహం కప్పుకుంది. గువ్వ అక్కడే నిలబడింది. కోపం ఇంకా పోలేదు, కానీ దాన్ని ఎవరిమీద చూపాలో తెలియడం లేదు. ఒట్టు వేయించుకున్నది తనే. ఎంత నిక్కచ్చి మనిషి చేత వేయించుకుంటోందో కూడా తెలిసే వేయించుకుంది.

కాసేపటికి వదిన మొహం తుడుచుకుని తలెత్తింది. "ఆ ఒట్టు వెనక్కి తీసుకుంటావా?"

"తీసుకున్నాను."

"ఆలోచించుకో. మళ్ళీ అంటారు."

"అననీ వదినా. ఉద్యోగం లేకుండా పౌరుషం ఉండి ఏం చేసుకోను?"

వదిన ఫోన్ తీసింది. మొన్న వచ్చిన నంబరు వెతికి, అందరికీ వినిపించేలా పెట్టి బల్ల మీద ఉంచింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవతల ఒక ఆడగొంతు పలికింది, చురుకైన, పనితొందరలో ఉన్న గొంతు. వదిన తనెవరో చెప్పింది.

"మొన్న మీరు ఏమీ చెప్పలేనన్నారు కదండీ?"

"అన్నాను. తప్పుగా అన్నాను. ఆమెలో లోపం ఉండి కాదు. ఆమె నా ఆడపడుచు, నా భర్తకి చెల్లెలు. ఇంటి మనిషి గురించి చెప్పకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు నేనేం చెప్పినా సగానికి సగం తగ్గించుకుని వినండి, కానీ వినండి."

"చెప్పండి," అంది ఆ గొంతు, కాస్త నెమ్మదించి.

"రిపోర్టులు ఎప్పుడూ ఆలస్యంగానే ఇస్తుంది. ఎందుకు ఆలస్యమైందంటే పోట్లాడుతుంది. అది మీరు భరించాలి. కానీ మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెల్లోనే వెళ్ళిపోయేవాళ్ళు, ఈ అమ్మాయి చేతిలో పడ్డవాళ్ళు మాత్రం వెళ్ళేవాళ్ళు కాదు. ఒకావిడ పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చింది. కంప్యూటర్ అంటే భయపడిపోయి, మానేస్తానని చెప్పడానికి నా గదికొచ్చింది. వెనకాలే ఈ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, ఆవిడకి రాకపోతే తప్పు ఆవిడది కాదు, నేర్పడం చేతకాని నాది, నన్ను తీసేయండి అని నా మీద అరిచింది. ఆవిడ ఆఫీసు మూసే రోజుదాకా ఉంది. అలా నేర్పగలిగిన మనిషిని నేను నా ఉద్యోగం మొత్తంలో ఇంకొకరిని చూడలేదండీ."

గువ్వ గోడకి ఆనుకుంది. ఆవిడ సంగతి తనకి గుర్తుంది. అరిచినందుకు ఆ రోజు వదిన, పై అధికారిగా, తనని మందలించి పంపింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

"మళ్ళీ మీరు తీసుకుంటారా?" అని అడిగింది ఆ గొంతు.

"తీసుకుంటాను. నాకంటూ ఒక కంపెనీ ఉంటే మొదటి కుర్చీ ఆమెకే వేస్తాను. ఆడపడుచని చెప్పడం కాదిది. ఆడపడుచు కాబట్టే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

అవతలి నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

"ఏమీ అనుకోకండి. ఆ ఉద్యోగం వేరొకరికి ఇచ్చేశాం. నిన్ననే. నిజం చెప్పాలంటే, మీ వ్యాసాలు నేను చదువుతానండీ. మీ అంతటివారు చెప్పలేనన్నారు కాబట్టే ఇంకేమీ అడక్కుండా పక్కన పెట్టేశాను." కాస్త ఆగి అంది, "మీరిప్పుడు చెప్పింది ఆమె దరఖాస్తుకి జతచేస్తాను. వచ్చే విడతలో చూస్తాం. మాట ఇవ్వలేను గానీ చూస్తాం."

ఫోన్ ఆగిపోయింది. వదిన దాని వైపే చూస్తూ ఉండిపోయింది. "పోగొట్టేశాను," అంది. "నా చేతులారా పోగొట్టేశాను. ఇదివరకు నీ గురించి ఫోన్ చేసిన మిగతావాళ్ళందరికీ కూడా ఇప్పుడే చేస్తాను గువ్వా, ఒక్కొక్కళ్ళకీ చేసి చెప్తాను. ఎవరేమనుకున్నా సరే."

పెద్దావిడ కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "కడుపులో కత్తి అన్నాను. అనకూడని మాట అన్నానమ్మా," అని, ఆమె వీపు మీద చెయ్యి వేసింది. కొడుకు ఒంటి బూటుతోనే వెళ్ళి నీళ్ళు తెచ్చాడు.

గువ్వ మాత్రం గోడ దగ్గరినుంచి కదల్లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"వదినా, ఆరేళ్ళు ఒకే ఆఫీసులో ఉన్నాం. ఒకే ఇంట్లో ఉన్నాం. ఇవాళ ఎవరో ముక్కూ మొహం తెలీని ఆవిడతో చెప్పావే, ఆ మాట ఒక్కసారైనా నాతో అన్నావా? నాకేమీ చేతకాదేమోనని, ఈ మెయిళ్ళన్నీ చూసి, నేను... నిజంగానే నమ్మడం మొదలుపెట్టాను తెలుసా?"

వదిన తలెత్తలేకపోయింది. "ఆఫీసులో అంటే ఇంటి మనిషని మెచ్చుకుంటున్నాననుకుంటారని అనలేదు. ఇంట్లో అంటే, ఆఫీసు మాటలు ఇంట్లో ఎందుకులే అని అనలేదు. అలా ఎక్కడా అనకుండా అయిపోయింది."

గువ్వ వచ్చి ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది, చిన్నపిల్లలా మోకాళ్ళు పట్టుకుని.

"అయితే ఇప్పుడు చెప్పు. ఫోన్లో కాదు. నాకు చెప్పు."

వదిన రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది. "రిపోర్టులు ఎప్పుడూ ఆలస్యంగానే ఇస్తావు," అంది చివరికి.

గువ్వ ఏడుస్తూనే నవ్వేసింది. "అది కాదు వదినా. తర్వాతది."

తర్వాతది వదిన చెప్పింది. చాలాసేపు చెప్పింది.